కారు డోర్‌తో కామారెడ్డికి

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో కారు డోర్ మోసుకెళ్లాల్సిన అవసరం మీలో ఎవరికీ రాకూడదనే కోరుకుంటాను. ఒకవేళ వస్తే పొద్దున ఏడున్నర పల్లెవెలుగు ఎక్కండి, తరువాతి బస్సు కాలేజీ పిల్లలతో నిండిపోతుంది. డోర్‌ను అడ్డంగా కాకుండా నిలువుగా పట్టుకోండి. వీలైతే అత్తగారిని వెంట తీసుకెళ్లకండి. మొదటి రెండూ నేను పాటించాను. మూడోది నా చేతుల్లో లేకపోయింది.

నేను బీబీపేటలో ఫొటో స్టూడియో నడుపుతాను. నా భార్య సునీత మొదటి కాన్పుకని ఎల్లారెడ్డిలో పుట్టింట్లో ఉంది. మాకో చిన్న తెల్లకారు ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే అయినా మాకు కొత్తదే. పోయిన వారం సునీతను కామారెడ్డిలో డాక్టరుకు చూపించి, అత్తమ్మతో సహా ఎల్లారెడ్డికి తిరిగి తీసుకొస్తున్నాను. లింగంపేట దాటాక రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోశారు. మిగిలిన సగంలో నేను ఎడ్లబండి కన్నా కాస్త వేగంగా, ఎంతో పద్ధతిగా పోతున్నాను. ఎడమపక్క వడ్లెత్తుకుంటున్న ట్రాక్టర్ ఉన్నట్టుండి వెనక్కి వచ్చింది. దాని ట్రాలీ మా వెనక డోర్‌ను గుద్దింది.

ఆ డోర్ పక్కన కూర్చున్నది అత్తమ్మ. నిజానికి అది సునీత కూర్చున్న చోటు. ఎండ ముఖాన కొడుతోందని తాడ్వాయి దగ్గర అత్తమ్మ ఆమెను ఇవతలికి జరిపి, తాను అటు కూర్చుంది. దేవుడి దయవల్ల ఎవరికీ గీత కూడా పడలేదు. డోర్ మాత్రం కింది భాగమంతా లోపలికి పోయింది. హ్యాండిల్ విరిగింది, తాళం చెడిపోయింది, అద్దం ఎందుకో పగల్లేదు. వడ్ల కుప్ప దగ్గరున్న ముసలమ్మ పరుగెత్తుకొచ్చి, "అయ్యో బిడ్డా, వడ్ల మీదికెల్లి తోలలేదు గదా?" అని అడిగింది. లేదని చెప్పాక ఊపిరి పీల్చుకుని, ఆ తరువాత మా క్షేమం కనుక్కుంది.

ఎల్లారెడ్డిలో మెకానిక్ రాజన్న డోర్ చుట్టూ ఒకసారి తిరిగి పెదవి విరిచాడు. "కొట్టి సాపు చెయ్యొచ్చు గని నాకు వారం పడ్తది. కామారెడ్డిల పాత డోర్లు మస్తు దొర్కుతయి. ఆక్సిడెంటు బండ్లయి విప్పి అమ్ముతరు. గిది ఎక్స్‌ఛేంజ్‌ల ఇచ్చి ఇంకోటి తెచ్చుకోండ్రి" అంటూ మా డోర్ ఊడదీసి నా చేతికిచ్చాడు. ఆ ఆక్సిడెంటు అన్న మాట అత్తమ్మ చెవిన పడింది.

"అల్లుడూ, గురువారం నా బిడ్డను దవాఖాన్ల చేర్పియ్యాలె. సావు జూసిన డోర్ పక్కన నా బిడ్డ కూసోదు. మంచి డోరైతెనే కారెక్కుతది. లేకుంటే మా అన్నకొడుకు ఆటో తెస్తడు" అంది.

ఆ రోడ్డు మీద, నిండు నెలల్లో ఆటో! సునీతేమో, "మనం కారు కొన్నదే గిందుకు, నేను మన కార్లనే పోత" అని మంచం మీద నుంచే తీర్పు చెప్పేసింది. తల్లీకూతుళ్ల మధ్య నేను నలిగిపోయాను. ఇంకో బాధ కూడా ఉంది, దాచడమెందుకు? ఆరోజు కారు నడిపింది నేను. అత్తమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. కానీ ఆమె డోర్ సంగతి ఎత్తినప్పుడల్లా డ్రైవర్ సంగతే మాట్లాడుతున్నట్టు నాకు వినబడేది. సోమవారం పొద్దున "నేను పోయి తెస్తానత్తమ్మా" అంటే, "మీకు డోర్ల గురించి ఏం ఎరుక?" అని చీర మార్చుకుని వచ్చింది.

బస్సు ఏడున్నరకంటే కాస్త ముందే కదిలింది. డోర్‌ను నడవలో నిలబెట్టి, దాని పక్క సీట్లో అత్తమ్మను కూర్చోబెట్టి, నేను వెనక నుంచి పట్టుకుని నిలబడ్డాను. కండక్టరమ్మ వచ్చి డోర్‌ను కింది నుంచి పైకి చూసింది.

"ఏంది సార్, మా బస్సుకే సరిగ్గ డోర్ లేదు. గిది మాకు పెట్టిపోతరా?"

అత్తమ్మ ఆధార్ కార్డు చూపించింది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. నాకు ఫుల్ టికెట్టు, డోర్‌కు లగేజీ టికెట్టు. మా ముగ్గురిలో నిశ్చింతగా కూర్చున్నది ఎవరో చెప్పనక్కర్లేదు.

లింగంపేటలో ఒక తాత ఎక్కి, డోర్‌కు అవతలి సీట్లో కూర్చున్నాడు. కూర్చోగానే సొంత కార్లో ఉన్నట్టు దాని అద్దం అంచు మీద మోచెయ్యి ఆనించాడు. కాసేపటికి బస్సు కిటికీలోంచి గాలి జోరుగా రావడంతో, డోర్ లోపలి హ్యాండిల్ పట్టుకుని అద్దం పైకి తిప్పాడు. తిప్పి, కండువా సర్దుకుని, "ఇప్పుడు జెర నయమున్నది" అన్నాడు. బస్సంతా నవ్వింది. అత్తమ్మ నవ్వలేదు. ఆమె మనసు అప్పటికే కామారెడ్డి చేరుకుంది.

తొమ్మిది దాటాక నిజాంసాగర్ చౌరస్తాలో దిగాం. ఇడ్లీ తిన్నాం. హోటల్లో డోర్‌ను గోడకు ఆనిస్తే సప్లయర్ వచ్చి, "పార్సిలా?" అని అడిగాడు. నాకు కోపం వచ్చింది కానీ చట్నీ బాగుంది కనుక ఊరుకున్నాను.

మొదట కంపెనీ షోరూంకు వెళ్లాం. లోపల ఏసీ, మెరిసే బండలు. అత్తమ్మ చెప్పులు బయట విడిచింది. అక్కడి అబ్బాయి కంప్యూటర్లో చూసి, డోర్ హైదరాబాద్ నుంచి రావాలని, పదిహేను రోజులు పడుతుందని చెప్పాడు.

"పదిహేను దినాలా? మీ డోర్ వచ్చేదాంక కడుపుల పిల్లను ఆగుమని ఎవలు చెప్తరు, నువ్వు చెప్తవా?" అంది అత్తమ్మ.

ఆ అబ్బాయి నా వైపు చూశాడు. నేను డోర్ వైపు చూశాను. నీళ్లు తాగి బయటికొచ్చాం.

తరువాత స్టేషన్ రోడ్డులో డూప్లికేట్ సామాన్ల దుకాణం. వీటిని కంపెనీవాళ్లు చేయరు, ఎవరో చేస్తారు, ఎవరికో అతుకుతాయి. కొత్త డోర్ ఒకటి తెచ్చి ముందు పెట్టారు. తళతళలాడుతోంది. నాకు నచ్చేసింది. అత్తమ్మ ముందుకు వంగి, కుండ కొనేటప్పుడు తట్టినట్టు వేలి కణుపుతో తట్టింది. అది ట్రింగుమంది. మా సొట్ట డోర్‌ను తట్టింది. అది దబ్బుమంది.

"గిది డోరా, బిస్కట్ల డబ్బానా? ట్రాలీ ఎందుకు, కోడిపుంజు తన్నినా సొట్ట పోతది."

"అమ్మా, ఇప్పుడొచ్చే బండ్లన్ని గిట్లనే ఉన్నయి" అన్నాడు షావుకారు.

"అయితె ఇప్పుడొచ్చే బండ్లకే అమ్ముకో నాయనా."

ఇక మిగిలింది పాత సామాన్ల అడ్డా. ఆటోలో డోర్ ఒడిలో పెట్టుకుని, ఊరి చివర ఖాజాభాయ్ దుకాణానికి చేరేసరికి పదకొండు దాటింది. రేకుల షెడ్డు, దాని గోడ పొడుగునా వరసగా నిలబెట్టిన డోర్లు. ఎరుపు, తెలుపు, నీలం. వాటిని చూడగానే అత్తమ్మ కొంగు సర్దుకుంది. పెళ్లిచూపులకు కూర్చునే ముందు ఆమె అలాగే సర్దుకుంటుంది. నా పెళ్లిచూపుల్లో నేను కళ్లారా చూశాను. ఆరోజు నన్ను అడిగినవన్నీ ఈరోజు డోర్లకు వర్తించాయి.

"గీ తెల్లది ఏ ఊరిది?"

"బాన్సువాడ, అమ్మా. ఫస్ట్ క్లాస్ డోర్" అన్నాడు ఖాజాభాయ్. తెల్లగడ్డం, నోట్లో పాన్, మనిషి కలుపుగోలు.

"ఎవలిండ్లది?"

"పెద్ద ఆసామిది."

"మరి గసుమంటి ఇల్లిడిసి గీడికెందుకొచ్చింది?"

ఖాజాభాయ్ ఒక్క క్షణం ఆలోచించాడు. "కోతి అడ్డమొచ్చిందమ్మా. కోతిని తప్పియ్యబోయి ముందట చెట్టుకు తగిలిచ్చిండు. ఎవ్వలికేం కాలే."

అత్తమ్మ తల ఊపి రెండోదాని దగ్గరికి వెళ్లింది. అది డిచ్‌పల్లి నుంచి వచ్చిందట. అక్కడా కోతే. మూడోది మెదక్ నుంచి. దానికీ కోతి అడ్డమొచ్చిందనేసరికి అత్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"భాయ్, సుట్టుపక్కల కోతులన్ని నీ దుకాణంలనే జీతానికున్నయా?"

నేను నవ్వాపుకోలేక రోడ్డు వైపు తిరిగాను. ఖాజాభాయ్ కూడా నవ్వాడు. "ఖుదా కసమ్ అమ్మా, మూడిట్ల ఒక్క కోతి మాత్రం నిజం. బాన్సువాడది. నేనే పోయి బండి తెచ్చిన."

అత్తమ్మ నవ్వుతూనే పక్కనున్న నీలం డోర్ లోపలి వైపు చెయ్యి పెట్టింది. అక్కడ అద్దం కింద, చిన్నపిల్లల ఎత్తులో, మెరిసే చుక్కల స్టిక్కర్లు వంకరటింకరగా అంటించి ఉన్నాయి. ఆమె చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. ఏమీ అడగలేదు. ఖాజాభాయ్ కూడా కోతి పేరెత్తలేదు. మెల్లగా వచ్చి ఆ డోర్‌ను గోడ వైపుకు తిప్పి పెట్టాడు. అప్పటిదాకా అత్తమ్మది చాదస్తమనుకున్నాను. ఆ చుక్కలు చూశాక నాకూ సునీతను ఆ పక్కన కూర్చోబెట్టాలనిపించలేదు.

"అమ్మా, నిజం చెప్త. ఏం జరగకుంటే డోర్ నా తానికి ఎందుకొస్తది?" అన్నాడు ఖాజాభాయ్ స్టూలు తెచ్చి వేస్తూ. "కూసోండ్రి. మీరు ఎక్స్‌ఛేంజ్‌ల ఇచ్చేదాని ముచ్చటేందో చెప్పుండ్రి. దానికి ఏం అడ్డమొచ్చింది?"

"కోతి కాదు, ట్రాలీ" అంది అత్తమ్మ. ఇక మొదలుపెట్టింది. వడ్లు, ఎండ, సునీతను జరపడం, దబ్బుమన్న చప్పుడు. లేచి నిలబడి మరీ చూపించింది. "నేను గీడ కూసున్న, ట్రాలీ గీడ గుద్దింది. ఇగో, చేతి గాజు సుత పగల్లే. నా పక్కకె నా బిడ్డ, తొమ్మిది నెలల మనిషి. అది మంచినీళ్లు తాగుతున్నదల్లా తాగుతనే ఉన్నది. మీద సుక్క వడలే."

ఇంట్లో ఎవరి ముందూ ఇంత మాట్లాడలేదు ఆమె. వారం రోజుల భయమంతా ఆ రేకుల షెడ్డులో, ముక్కూ మొహం తెలియని ఖాజాభాయ్ ముందు బయటపడింది.

అప్పటిదాకా ఒక మూల డోర్లు తిరగేస్తున్న తెల్లటోపీ పెద్దాయన దగ్గరికొచ్చాడు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్ మనిషి, కూతురి కారుకు డోర్ వెతుక్కుంటూ వచ్చాడట. ఆయన తెలుగులో మరాఠీ గాలి వీస్తోంది, అత్తమ్మను పిన్నీ అన్నట్టు పిలిచాడు.

"మావ్షీ, మాది సేమ్ కారు. ఆ డోర్ నాకియ్యండి" అని మా సొట్ట డోర్‌ను చూపించాడు.

"గీ డోరా?" అన్నాను నేను.

"హో. కొట్టిపిచ్చుకుంట. మా మనవరాలు కూసుంటది ఆ పక్క. ఇట్ల మనిషిని కాపాడిన డోర్ ఎక్కడ దొరకాలె?"

ఖాజాభాయ్‌కి హుషారు పుట్టింది. సొట్టపోయిన డోర్‌కు గిరాకీ రావడం ఆయన బతుకులో చూసి ఉండడు. "అమ్మా, ఇచ్చేయుండ్రి. మీకు దీని బదులు ఏది కావాల్నంటే అది తీస్కోండ్రి!"

అత్తమ్మ మద్నూర్ ఆయన వైపు చూసింది. గోడకు ఆనించిన మా డోర్ వైపు చూసింది. అది పొద్దుటి నుంచి అందరి చేతా మాటలు పడుతూ, ఆటోలో గీతలు కూడా పెట్టుకుని, దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఆమె దగ్గరికెళ్లి కొంగుతో అద్దం తుడిచింది.

"ఇయ్య."

"అమ్మా, ఎక్స్‌ఛేంజ్‌కే గదా తెచ్చిండ్రు?"

"తెచ్చినం. గని ఇయ్య. ఊరంత తిరిగి మంచిదాన్ని లెంకుతున్న, మంచిది అల్లుని సంకలనే ఉన్నది."

మా కారు సెకండ్ హ్యాండని అంతకుముందు మాటల్లో నేనే అన్నాను, ఖాజాభాయ్ దాన్ని పట్టుకుని ఆఖరి ప్రయత్నం చేశాడు. "అట్ల జూస్తె మీ కారే సెకండ్ హ్యాండ్ అంటున్నడు సాబ్. అది మొదలు ఎవలిదో, దానికేం అడ్డమొచ్చిందో—"

కారు కొన్నప్పుడు ఇంజిన్ చూశాను, టైర్లు చూశాను. దాని వెనకటి కథ ఒక్కటి కూడా అడగలేదు. ఇప్పుడు అత్తమ్మ అడిగితే డోర్ కాదు, కారే ఖాజాభాయ్ గోడకు చేరుతుంది.

అత్తమ్మ తడుముకోలేదు. "మా ఇంటికొచ్చినంక మాదే. కోడలు ఇంట్లకొచ్చినంక, నువ్వు మొదలు ఎవలింటి పిల్లవని దినాం అడుగుతమా?"

ఖాజాభాయ్ పాన్ నమలడం మానేశాడు. మద్నూర్ పెద్దాయన ముఖం మాత్రం చిన్నబోయింది. అత్తమ్మకు జాలి కలిగినట్టుంది. ఆయన్ను చెయ్యి పట్టి పిలిచినంత పని చేసి బాన్సువాడ డోర్ దగ్గరికి తీసుకెళ్లింది. "అన్నా, గిది తీస్కోండ్రి. దీని కోతి నిజం కోతేనట." ఆయన దాన్ని తట్టి చూశాడు. అది దబ్బుమంది. మేము బయల్దేరేసరికి బేరం నడుస్తోంది.

పక్క సందులో డెంటింగ్ పని చేసే నర్సింలు దగ్గరికి వెళ్లాం. సొట్టలు కొట్టి సాపు చేయడం ఆయన పని. "రాజన్న వారం పడ్తదన్నడే?" అన్నాను. "రాజన్నకు గిరాకీ ఉన్నది, నాకు లేదు. పొద్దూకె వరకు ఇస్త" అన్నాడు. ఇంత నిజాయితీగా మాట్లాడే పనివాడు ఎలా పని చేస్తాడోనని అనుమానపడుతూనే డోర్ అప్పగించాను.

హ్యాండిల్, తాళం మాత్రం కొత్తవే కావాలంది అత్తమ్మ. "చెయ్యి పెట్టేటియి కొత్తగుండాలె" అని స్టేషన్ రోడ్డు షావుకారు దగ్గరికే మళ్లీ నడిపించింది. పొద్దున తిట్లు తిన్న ఆయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆమె మూడు హ్యాండిళ్లు చేతికి తీసుకుని, ఒక్కోటీ లాగి వదిలి, లాగి వదిలి, చివరికి నల్లదాన్ని ఖాయం చేసింది. "కాన్పు నొప్పులల్ల పట్టుకున్నా ఇరగొద్దు" అంది. షావుకారు గ్యారంటీ ఇవ్వడానికి వెనకాడాడు.

భోజనం మెస్‌లో చేశాం. పప్పు, బెండకాయ, పచ్చిపులుసు. పచ్చిపులుసు బాగుంది, అటు వెళ్లేవాళ్లు రెండోసారి అడిగి పోయించుకోవచ్చు. తరువాత నర్సింలు ముందు స్టూలు వేసుకుని కూర్చుంది అత్తమ్మ. సుత్తి పడినప్పుడల్లా "అబ్బ" అంటుంది. "మెల్లగ కొట్టు నాయనా" అంటుంది. ఒకసారి నర్సింలు విసుగొచ్చి, "అవ్వా, మెల్లగ కొడ్తె ఇది లేస్తదా? నువ్వు జెర అటు తిరిగి కూసో" అన్నాడు. ఆమె అటు తిరిగి కూర్చుని "అబ్బ" అంది.

నాలుగున్నరకు డోర్ తయారైంది. తయారైందంటే, చెరువు మీద గాలి వీచినట్టు కింది భాగమంతా అలలు అలలుగా ఉంది. పైన బూడిదరంగు పూత. అసలు రంగు వేయాలంటే గురువారానికి కాదన్నాడు. "రంగు కాన్పయినంక సూస్కుందం. పుట్టేటోళ్లకు రంగు గుర్తుంటదా?" అంది అత్తమ్మ. నాకు మాత్రం ఆ అలలు చూస్తే, ఈ మాత్రం దానికి రోజంతా తిరిగామా అని దిగులేసింది.

ఐదు గంటల బస్సు. అదే కండక్టరమ్మ. డోర్‌ను చూసి నోరు తెరిచింది.

"ఏంది సార్, పొద్దుగాల పట్కపోయిందే పట్కస్తున్నరు? దొర్కలేదా?"

"దొర్కినయి. నాకే నచ్చలే. మాదే మంచిగున్నది" అంది అత్తమ్మ.

మళ్లీ ఆమెకు ఫ్రీ, నాకు ఫుల్, డోర్‌కు లగేజీ. పట్టుకోవడానికి వీలుగా డోర్ అద్దం కిందికి దించి, పొద్దుటిలాగే వెనక నిలబడ్డాను. బస్సు తాడ్వాయి దాటాక అత్తమ్మ నా వైపు చూడకుండా, డోర్ మీద చెయ్యి పెట్టి అడిగింది.

"గురువారం పొద్దుగాల ఎన్నింటికి ఎల్దం అల్లుడూ?"

నాకు మొదట అర్థం కాలేదు. "కార్లోనా అత్తమ్మా?"

"మరి ఆటోల్నా? గా రోడ్డు మీద నా బిడ్డ ఆటోల పోతదా?" అని, మళ్లీ తనే అంది. "పిల్లను మీరే తీస్కపోండ్రి. మెల్లగ తోలుతరు మీరు, నాకు ఎరికె. పిల్లను ఇవుతల కూసోబెట్టి, గీ డోర్ పక్కకు నేనే కూసుంట. నేను దీనికి ఎరికె."

వారం రోజులుగా నా గుండె మీదున్న బరువు, ఆ డోర్ బరువు కంటే ఎక్కువే, ఒక్కసారిగా దిగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్సు కుదుపుల్లో ఎవరూ గమనించలేదు.

ఈ ప్రయాణంలో ఏం సాధించామంటే, వెళ్లేటప్పుడు ఉన్న డోరే వచ్చేటప్పుడూ ఉంది, కొత్త హ్యాండిల్, కొత్త తాళం అదనం. కామారెడ్డిలో డోర్లు దొరుకుతాయి, వాటి కథలు కూడా దొరుకుతాయి, వినే ఓపిక ఉండాలి. మొదట్లో ఇచ్చిన మూడో సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. వెళితే అత్తగారితోనే వెళ్లండి.

లింగంపేట వచ్చేసరికి అత్తమ్మ డోర్‌కు తల ఆనించి నిద్రపోయింది. అవతలి కిటికీలోంచి చల్లగాలి ఆమె ముఖానికి కొడుతోంది. నేను వంగి, హ్యాండిల్ పట్టుకుని, మా డోర్ అద్దం పైదాకా తిప్పాను.